అపోహలు - వాస్తవాలు: గదిలో వైఫై అందకపోతే ప్లాన్ పెంచకండి

"నెట్ స్లోగా ఉందండీ, ప్లాన్ పెంచమంటారా?" వైఫై పని మీద ఎవరింటికి వెళ్లినా ముందు వినిపించేది ఇదే. చాలామంది నేను వెళ్లేసరికే పెంచేసి ఉంటారు. అయినా పడగ్గదిలో వీడియో తిరుగుతూనే ఉంటుంది, డబ్బు నెలనెలా పోతూనే ఉంటుంది.

అపోహ: ప్లాన్ పెంచితే వైఫై బాగుపడుతుంది.

వాస్తవం: ప్లాన్ అంటే రౌటర్ దాకా వచ్చే లైన్ స్పీడు. రౌటర్ నుంచి మీ ఫోన్ దాకా ఉన్న దారి వేరు, అది మీ ఇంటి గోడల చేతిలో ఉంది. ముందు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత ఇబ్బంది ఉన్న గదిలో వైఫై మీద చేయండి. కేబుల్‌లో 100 ఎంబీపీఎస్ వచ్చి గదిలో 3 వస్తే లోపం లైనులో లేదు. 300 ప్లాన్ తీసుకున్నా ఆ గదిలో ఆ 3 అలాగే ఉంటుంది.

ఒకావిడ ఇంటి నుంచి పనిచేస్తారు. మీటింగుల్లో మాట తెగిపోతోందని, ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉందని ఫోన్‌లో గొంతు వణుకుతూ చెప్పారు. అప్పటికే ప్లాన్ పెంచారు. వెళ్లి చూస్తే రౌటర్ టీవీ వెనక ఇనుప స్టాండులో ఇరుక్కుని ఉంది. దానికీ ఆమె గదికీ మధ్య కాంక్రీట్ గోడ, ఆ గోడ పొడవునా అద్దాల బీరువా. అద్దం వెనక ఉండే లోహపు పూత సిగ్నల్‌ను వెనక్కి కొట్టేస్తుంది. ఆమె టేబుల్ దగ్గర సిగ్నల్ మైనస్ 81 డీబీఎం. డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. వీడియో కాల్ నిలకడగా నడవాలంటే మైనస్ 67 అయినా ఉండాలి. చూడ్డానికి 14 తేడానే, కానీ ఈ లెక్కలో ప్రతి 3కీ శక్తి సగమవుతుంది. అంటే ఆమెకు కావలసినదాంట్లో పాతికో వంతు అందుతోందన్నమాట. రౌటర్‌ను అక్కణ్నుంచి తీసి, గది తలుపుకు ఎదురుగా తల ఎత్తున అల్మరా మీద పెట్టాం. మైనస్ 62 వచ్చింది. "ఇంతేనా?" అన్నారు. ఇంతే. పాత ప్లాన్‌కే మారిపొమ్మని చెప్పి వచ్చాను.

బయటి నుంచి ఫైబర్ లైన్ వచ్చి చేరే పెట్టె కదపడానికి వీల్లేకపోతే దాన్ని అక్కడే ఉంచండి. ఫైబర్‌ను ఎక్కువగా వంచితే పాడవుతుంది. దాన్నుంచి మామూలు ల్యాన్ కేబుల్ లాగి రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే అక్కడ వైఫై ఇచ్చే పరికరంగా మాత్రమే పెట్టుకోండి.

ఇంకోటి. ప్లాన్ 300 అయినా, కేబుల్‌తో చూసినా టెస్ట్ ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగిపోతుంటే కంపెనీతో గొడవకు దిగకండి. రౌటర్ పోర్టు 100దే కావచ్చు, లేదా కేబుల్లోని ఎనిమిది తీగల్లో ఒకటి తెగి ఉండొచ్చు. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, ఎనిమిదీ కావాలి, 100కు నాలుగు చాలు. కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి చూస్తే గోధుమరంగు తీగ చివరిదాకా రాకుండా ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

యాంటెన్నాలు ఎక్కువున్న రౌటర్ కొంటే దూరం అందుతుందా? ఒక మేరకే. ఫోన్ కూడా జవాబివ్వాలి కదా! ఒకరు మైకులో మాట్లాడి రెండోవారు గొంతు పోయినట్టు మాట్లాడితే సంభాషణ సాగదు.

రౌటర్ సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పరికరం రిపీటర్. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెట్టేవాళ్లే ఎక్కువ. అందని సిగ్నల్‌ను అదేం అందిస్తుంది? సగం దారిలో, సిగ్నల్ బాగున్న చోట పెట్టాలి. అందుకోవడానికీ పంపడానికీ ఒకే బ్యాండ్ (రేడియో తరంగాల శ్రేణి) వాడే రిపీటరైతే స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది.

పసిపిల్లలున్న ఇళ్లలో రేడియేషన్ గురించి అడుగుతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, కోపమల్లా ఫార్వర్డ్ మెసేజీలతో దాన్ని పెంచేవాళ్ల మీదే. వైఫై తరంగాలకు కణాల్లోని డీఎన్‌ఏను విడగొట్టే శక్తి లేదు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఇలాంటి బలహీనమైన సిగ్నళ్ల వల్ల హాని ఉందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే చెప్పింది. రాత్రి ఆపేస్తేనే మీకు నిద్ర పడుతుందంటే ఆపేయండి, రౌటర్‌కేం కాదు. రేడియేషన్ ఆపుతాయనే స్టిక్కర్లు మాత్రం కొనకండి. అవి నిజంగా ఆపితే మీ వైఫై కూడా ఆగిపోవాలి.

వైఫైకి ఎక్కువగా వాడే బ్యాండ్లు రెండు, 2.4, 5 గిగాహెర్ట్జ్. 5 దగ్గర్లో వేగం, గోడలు దాటితే నీరసం. దూరపు గదికి 2.4 మేలు, ఛానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి. నెట్‌వర్క్ పేరు దాస్తే భద్రత రాదు, మీ ఫోన్ కనెక్ట్ అయిన ప్రతిసారీ ఆ పేరు గాల్లోకి వెళ్తూనే ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లో భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ2 గానీ 3 గానీ ఎంచుకుని, పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి, దాని పిన్ లోపం 2011లోనే బయటపడింది. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ (రౌటర్ సెట్టింగులు తెరిచేది) కూడా మార్చండి, ఇంటికొచ్చిన ఎవరైనా దాన్ని ఫోటో తీసుకోవచ్చు.