కోసిన వంకాయ నల్లబడితే

"వంకాయ కోసి పక్కన పెడితే నల్లబడుతుంది కదా, ఆ నలుపు విషమేనా? ఆపరేషన్ అయినవాళ్లకు వంకాయ పెట్టకపోవడం అందుకేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. పీచు, విటమిన్ల పట్టిక ఇక్కడ ఏకరువు పెట్టను. వంకాయలో నూటికి 92 పాళ్లు నీరే. అసలు కథంతా మిగిలిన ఎనిమిది పాళ్లలో, అందులోనూ ఒక్క పదార్థంలో ఉంది. దాని పేరు క్లోరోజెనిక్ ఆమ్లం. కాఫీ గింజల్లోనూ ఇదే దండిగా ఉంటుంది.

తమలపాకును, వక్కను, సున్నాన్ని తట్టలో విడివిడిగా ఎంతసేపు ఉంచినా ఎర్రబడవు. మూడూ కలిపి నమిలితేనే నోరు పండుతుంది. వంకాయ కణంలోనూ ఇదే ఏర్పాటు. క్లోరోజెనిక్ ఆమ్లం రిక్తిక అనే సంచిలో ఉంటుంది. పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వేరే గదిలో ఉంటుంది. కత్తి దిగగానే ఆ గోడలు తెగి రెండూ కలుస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. ఎంజైము గర్భంలో ఉన్న రెండు రాగి అయాన్లు ఆక్సిజన్‌ను పట్టి ఆ ఆమ్లాన్ని క్వినోన్ అనే పదార్థంగా మారుస్తాయి. క్వినోన్లు ఊరుకునే రకం కావు. ఒకదానికొకటి, పక్కనున్న ప్రోటీన్లకూ అతుక్కుని గోధుమ రంగు గొలుసులుగా పెరుగుతాయి. తాంబూలంలోనూ జరిగేది దీనికి దగ్గరి చర్యే. వక్కలోనివీ క్లోరోజెనిక్ ఆమ్లం లాంటి పాలీఫినాళ్లే, అక్కడ ఎంజైము పనిని సున్నపు క్షారం చేస్తుంది. వంకాయకు ఆ రంగు మొక్క తన గాయాన్ని కాచుకునే ఉపాయం. మనకు అది విషం కాదు, కాస్త కనరు మాత్రమే.

ముక్కలను ఉప్పునీళ్లలో వేయడం ఎవరు కనిపెట్టారో గానీ, ఆ ఒక్క గిన్నెలో రెండు పనులు జరుగుతాయి. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు నీటిలో కరిగి ఉండేది ఎనిమిది మిల్లీగ్రాములే. అంటే ముక్క మునిగిన మరుక్షణమే ఎంజైముకు ఊపిరాడదు. పైగా ఉప్పులోని క్లోరైడు ఎంజైముకే అడ్డుపడుతుంది. మజ్జిగలోనో చింతపండు నీళ్లలోనో వేస్తే పులుపు దాన్ని ఇంకా మందగింపజేస్తుంది. పాఠ్యపుస్తకాలు ఈ పాఠానికి ఎప్పుడూ ఆపిల్ ముక్కనే ఎందుకు పట్టుకుంటాయో నాకు అర్థం కాదు. నాలుగు పళ్లేలు, ఒక వంకాయ, కాసిని మజ్జిగ ఉంటే ఏ ఊరి బడిలోనైనా ఎంజైముల పాఠం అరగంటలో కళ్లకు కట్టవచ్చు.

ఇప్పుడు స్టీలు చాకు పక్కన పెట్టి పాత ఇనుప కత్తిపీట మీద తరగండి. ముక్క మిగతా చోట లేత గోధుమ రంగుకు తిరుగుతుంటే, వాదరకు ఆనిన చోట మాత్రం నీలం కలిసిన నల్లటి చార పడుతుంది. ఇది ఎంజైము పని కాదు. క్లోరోజెనిక్ ఆమ్లపు వలయం మీద పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. ఆ రెండూ కలిసి ఇనుప అయానును గట్టిగా పట్టేస్తాయి. పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసుకున్నదీ ఈ రకం చర్యతోనే.

కత్తిపీట మీద ఇనుమును పట్టినది పేగులో వదులుతుందా? వదలదు. వంకాయ వల్ల మామూలు మనిషికి జరిగే నష్టం అంటూ ఉంటే అది ఇక్కడే అని నా అభిప్రాయం. దక్షిణాఫ్రికా పరిశోధకులు 1983లో భారత సంతతి మహిళలపై చేసిన అధ్యయనంలో, ఇనుము సరిగా ఒంటబట్టని కూరల జాబితాలో పాలకూర పక్కనే వంకాయ కూడా చేరింది. రక్తహీనత ఉన్న స్త్రీలు ఇది గుర్తుంచుకోవాలి. అయితే అదే అధ్యయనంలో వరి అన్నానికి విటమిన్ సి గానీ, టార్టారిక్ ఆమ్లం గానీ కలిపినప్పుడు ఇనుము గ్రహణం పెరిగింది. చింతపండు పులుపు చాలావరకు టార్టారిక్ ఆమ్లమే. కాబట్టి వంకాయ తినదలిస్తే పులుసు మంచిది, వేపుడు కంటే గుత్తివంకాయ మంచిది. కొత్తిమీర కారం పెట్టేవాళ్లు ఆ ముద్దను దించే ముందు వేస్తే దానిలోని విటమిన్ సి కొంతైనా మిగులుతుంది. ఐరన్ మాత్ర వేసుకునే పూటకు మాత్రం వంకాయను దూరం పెట్టండి.

ఇంత పట్టు ఉన్న పదార్థం మందు కూడా అవుతుందని జనం ఆశించడంలో వింత లేదు. పరీక్షనాళికలో క్లోరోజెనిక్ ఆమ్లం మంచి యాంటీ ఆక్సిడెంటే. బ్రెజిల్‌లో వంకాయ రసం కొలెస్టరాల్‌ను కరిగిస్తుందని గట్టి నమ్మకం ఉండేది. 2004లో అక్కడి వైద్యులు ఒక చిన్న పరిశోధనలో దాన్ని కొలెస్టరాల్ తగ్గించే లోవాస్టాటిన్ మాత్రతో పోల్చి చూశారు. మాత్ర పనిచేసింది, వంకాయ పనిచేయలేదు. మాత్ర మానేసి పరగడుపున వంకాయ రసం తాగమని చెప్పే వీడియోలను నమ్మకండి.

ఇక ఆపరేషన్ సంగతి. వంకాయ తింటే పుండు చీము పడుతుందనడానికి ఆధారం లేదు. చీము పట్టించేది బ్యాక్టీరియా. వంకాయ తింటే దురద పుడుతుందన్న మాట మాత్రం పూర్తిగా పుక్కిటి పురాణం కాదు. మైసూరులో 741 మందిపై చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి తొమ్మిది మందిలో వంకాయకు ఏదో ఒక ప్రతిస్పందన కనిపించింది. నిజమైన ఎలర్జీ తేలినవారు ఒక శాతం లోపే, అందులోనూ స్త్రీలే ఎక్కువ. తిన్న ప్రతిసారీ నాలుక దురద పెడుతుంటే, పెదవులు వాస్తుంటే మానేయడమే దారి, పక్కింటివాళ్లు మానేయనక్కరలేదు. వంకాయలో నికోటిన్ ఉందన్న వార్తా నిజమే, కానీ ఒక సిగరెట్టుతో ఒంట్లో చేరేంత నికోటిన్ కావాలంటే దాదాపు పది కిలోలు తినాలి.

చివరగా నూనె. పచ్చి వంకాయ వంద గ్రాములకు పాతిక కేలరీలే. కానీ కండలో కణాల మధ్య గాలి ఖాళీలు విస్తారంగా ఉంటాయి, వేపేటప్పుడు నూనె వాటిలోకి దూరిపోతుంది. ఒక పెద్ద చెంచా (టేబుల్ స్పూను) నూనెతో దాదాపు నూట ఇరవై కేలరీలు కూరలో చేరతాయి. ముక్కలకు ఉప్పు రాసి కాసేపు ఉంచితే నీరు వదిలి, ఆ ఖాళీలు కుంచించుకుపోయి నూనె తక్కువ పీలుస్తాయి. వంకాయను ముందు ఆవిరిపై ఉడికించి ఆ తర్వాత పోపులో వేసినా అంతే. మధుమేహానికి వంకాయ మంచిదని విని రోజూ మూకుడు నిండా వేపుడు చేసుకునేవారు ముందు కొలవాల్సింది నూనె గరిటెను.