డప్పు ఒకటే, దరువు వేరు

ఖమ్మం వైపు నుంచి ఒక తల్లి రాశారు. కొడుక్కి 15 ఏళ్లు, స్కూలు కబడ్డీ టీములో ఆడతాడు. కాళ్ల నొప్పులంటున్నాడని రక్తపరీక్ష చేయిస్తే, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందని చూపే సీఆర్పీ అనే ప్రొటీన్ కాస్త ఎక్కువుందట. ‘గట్టిగా ఆడితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందని ఒకచోట చదివాను, తగ్గుతుందని ఇంకోచోట చదివాను. ఏది నిజమండీ? మా అత్తయ్యగారు మాత్రం వేడి చేసిందని రోజూ మజ్జిగ తాగిస్తున్నారు’ అని అడిగారు.

రెండూ నిజమేనండీ. మజ్జిగ మానకండి, ఎండలో ఆడి వచ్చిన పిల్లాడికి అంతకంటే మంచిది ఏముంది? కాకపోతే మన ‘వేడి’ అనే మాట పెద్ద గోనెసంచి లాంటిది. నోటిపూత, సెగ్గడ్డ, ముక్కులోంచి రక్తం, కళ్లమంట, అన్నీ అందులోనే పడేస్తాం. దెబ్బకో సూక్ష్మజీవికో ఒళ్లు ఎదురుతిరిగే తీరైన ఇన్‌ఫ్లమేషన్‌ని కూడా అందులో పడేస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

వ్యాయామం అనగానే కేలరీల లెక్కతో మొదలుపెట్టడం రివాజు. నాకది విసుగు, వదిలేస్తున్నాను. నాకు ఇష్టమైన కథ ఐఎల్-6 అనే చిన్న ప్రొటీన్‌ది. ఈ పేరు మీరు వినే ఉంటారు. 2021 వేసవిలో కరోనా రెండో వేవ్ అప్పుడు సీఆర్పీ, డీ-డైమర్‌లతో పాటు ఐఎల్-6 పరీక్ష కూడా రాసేవారు. దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం ఎన్ని కుటుంబాలు ఊళ్లు పట్టుకు తిరిగాయో! అప్పటినుంచి ఐఎల్-6 అంటే మనకు విలన్. మరి కబడ్డీ ఆడే కుర్రాడి తొడ కండరం అదే ఐఎల్-6ని రక్తంలోకి వదులుతుందంటే నమ్ముతారా?

నమ్మడానికి డెన్మార్క్ శాస్త్రవేత్తలకే కష్టమైంది. రక్తకణాలే వదులుతున్నాయేమో అనుకున్నారు. 2000లో కోపెన్‌హేగెన్‌లో బెంటే పెడర్సన్ బృందం ఓ మొండి ప్రయోగం చేసింది. ఆరుగురు మగవాళ్లను కూర్చోబెట్టి ఒక్క కాలితోనే 5 గంటలు తన్నించారు, రెండో కాలు ఊరికే ఉంది. రెండు కాళ్లలోకి వెళ్లే రక్తాన్నీ, తిరిగొచ్చే రక్తాన్నీ కొలిచారు. తన్నిన కాలి నుంచే ఐఎల్-6 బయటికి వస్తోంది! కండరం అంటే మనల్ని మోసే మాంసం ముద్ద మాత్రమే కాదని, కబుర్లు పంపే గ్రంథి లాంటిదని అలా తేలింది. ఆ కబుర్లకు మయోకైన్‌లని పేరు పెట్టారు.

ఇప్పుడు డప్పు సంగతి. ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు, చావుకీ డప్పే, జాతరకీ డప్పే, పంచాయతీ చాటింపుకీ డప్పే. అయినా ఇంట్లో కూర్చున్న ముసలమ్మ దూరం నుంచి దరువు విని చెప్పేస్తుంది, ఎవరో పోయారని, లేదా రేపు గ్రామసభ ఉందని. ఐఎల్-6 డప్పు లాంటిది. డప్పు మోగిందా లేదా అని మాత్రమే చూస్తే పొరబడతాం. ముందు ఏం జరిగింది, ఎంతసేపు మోగింది, ఎవరి వాకిట్లో మోగింది, ఈ మూడూ వినాలి.

ఒంట్లో సూక్ష్మజీవులు చొరబడినప్పుడు ముందు టీఎన్‌ఎఫ్ అనే మంట పెట్టే ప్రొటీన్ లేస్తుంది. అది ఇంట్లోంచి వచ్చే ఏడుపు. దాని వెనకే ఐఎల్-1, ఆ తర్వాత ఐఎల్-6, అంటే ముందు ఏడుపు, తర్వాత డప్పు. ఆడుతున్న కండరంలో ఆ ఏడుపు లేదు. కండరం బిగుసుకున్నప్పుడు కణంలో కాల్షియం పెరుగుతుంది, దాచుకున్న చక్కెర నిల్వ, గ్లైకోజెన్, తరిగిపోతుంది. ఆ సంకేతాలతోనే ఐఎల్-6 జీను మేలుకుంటుంది, టీఎన్‌ఎఫ్ ముందుగా రానక్కర్లేదు. ఇక దాని వెనక వచ్చేవి చల్లార్చే రకం: ఐఎల్-10, ఐఎల్-1 రిసెప్టర్‌ను మూసేసే ఐఎల్-1ఆర్‌ఏ. కొన్ని గంటల్లో డప్పు ఆగిపోతుంది. అది చాటింపు దరువు. ‘ఇక్కడ పని జరుగుతోంది, కాలేయమా చక్కెర పంపు, కొవ్వూ నువ్వు కరుగు’ అని చెప్పి వెళ్లిపోతుంది.

దీన్ని పరీక్షించిన తీరు ఇంకా బాగుంటుంది. 2003లో అదే బృందం ఆరోగ్యవంతులకు ఈ.కోలై బాక్టీరియా విషాన్ని కొద్దిగా ఎక్కించింది. ఊరికే కూర్చున్నవాళ్లలో టీఎన్‌ఎఫ్ లేచింది. 3 గంటలు సైకిల్ తొక్కేవాళ్లకు చివరి అరగంటలో ఎక్కిస్తే లేవలేదు. సైకిల్ తొక్కించకుండా ఐఎల్-6 మాత్రమే ఎక్కించినా అణిగింది! 2019లో ఇంకో అడుగు వేశారు. పొట్ట ఉన్న పెద్దవాళ్లతో 12 వారాలు సైకిల్ తొక్కించి, కొందరికి మన టోసిలిజుమాబే ఇచ్చారు, అంటే ఊరందరి చెవుల్లో దూది పెట్టారు. మామూలువాళ్లలో పొట్టలోపలి కొవ్వు తగ్గింది. దూది పెట్టుకున్నవాళ్లలో, అంతే తొక్కినా, తగ్గలేదు.

మూడో దరువు ఇంకొకటుంది, అసలు ప్రమాదం దానితోనే. పొట్టలోపల పేరుకున్న కొవ్వులోకి మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు చేరి కాపురం పెడతాయి. చావు లేదు, జాతర లేదు, అయినా రాత్రింబవళ్లు సన్నగా డప్పు. దానికి తోడు టీఎన్‌ఎఫ్. ఇది కణంలో ఇన్సులిన్ కబురును మోసే ఐఆర్‌ఎస్-1 ప్రొటీన్ మీద తప్పుచోట ఫాస్ఫేట్ అంటిస్తుంది. ఇన్సులిన్ తలుపు తడుతూనే ఉంటుంది, లోపల ఎవరూ లేవరు. రోజంతా మోగే మైకును మనం వినడం మానేసినట్టే.

ఇందులో పిల్లల సంగతేమిటి? యుక్తవయసులో ఇన్సులిన్ మాట చెల్లడం ఎలాగూ తగ్గుతుంది. జబ్బు కాదు, ఎదుగుదలకు పనిచేసే గ్రోత్ హార్మోన్ ప్రభావం. మధ్య దశలో ఇన్సులిన్ పనితనం దాదాపు మూడో వంతు పడిపోయి, ఎదుగుదల ముగిశాక మళ్లీ లేస్తుంది. ఆ లోయలో ఉండగా పొట్ట కొవ్వు తోడైతే లేవడం కష్టం. ‘మావాడు బక్కగానే ఉన్నాడండీ’ అంటారా? పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం. బక్కతనం మనకు పూచీ కాదు.

గట్టిగా ఆడితే చక్కెరకు ఇన్సులిన్‌తో పనిలేని దొడ్డిదారి దొరుకుతుంది. బిగుసుకున్న కండరం గ్లూట్-4 అనే చక్కెర ద్వారాలను ఇన్సులిన్ పిలవకపోయినా తనే పైకి తెచ్చుకుంటుంది. ఆట ఆగాక కూడా ఒకటి రెండు రోజులు కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది. అందుకే వారానికోసారి చచ్చేలా ఆడటం కంటే రోజు విడిచి రోజు ఆడటం మేలు.

జిమ్‌ల బోర్డుల మీద ‘హిట్’ (కాసేపు దంచి, కాసేపు ఆగే వ్యాయామం) అని రాసి డబ్బు తీసుకునేది మన కూతే. కబడ్డీలో కూతకు 30 సెకన్లు, ప్రాణం పెట్టి వెళ్లి రావడం, ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ. జపాన్‌లో ఇజుమి టబాటా 1996లో రాసిన పద్ధతి 20 సెకన్లు దంచడం, 10 సెకన్లు ఆగడం. స్కాట్లండ్‌లో 2011లో హైస్కూలు పిల్లలను 7 వారాలు చూశారు. 30 సెకన్ల పరుగులు తీసినవాళ్లు మొత్తం 63 నిమిషాలు, నింపాదిగా చేసినవాళ్లు 420 నిమిషాలు. దమ్ము ఇద్దరికీ పెరిగింది, రక్తపోటు పరుగుల వాళ్లకు తగ్గింది. కానీ ఇన్‌ఫ్లమేషన్‌తో పెరిగే ఫైబ్రినోజెన్ అనే రక్త ప్రొటీన్ తగ్గింది 420 నిమిషాల వాళ్లకే. హిట్ అభిమానులు ఈ ముక్క చెప్పరు. ఐఎల్-6 కూడా అంతే, ఎంత గట్టిగా ఆడామన్నదే కాదు, ఎంతసేపు ఆడామన్నదీ దానికి ముఖ్యం. నాలుగు కూతలకు పెద్ద చాటింపు మోగదు, గంటసేపు ఆడితే మోగుతుంది. ఆ గంట ఎక్కడుందంటే, పదో తరగతిలో గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారు పట్టుకుపోయాడు.

అమ్మా, మీ ప్రశ్న దగ్గరికి వస్తే, ఐఎల్-6 కబురందుకుని సీఆర్పీ తయారుచేసేది కాలేయం. గట్టి మ్యాచ్ ఆడిన మర్నాడు కాస్త పెరిగి కనిపించవచ్చు. కొత్తగా తయారీ లేకపోతే దాదాపు 19 గంటలకోసారి సగమవుతుంది. జ్వరం, కీళ్లవాపు లేకపోతే, నాలుగైదు రోజులు ఆట ఆపి మళ్లీ పరీక్ష చేయించవచ్చేమో డాక్టరుగారిని అడగండి. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఆగకండి, కండరం చితికి ఉండవచ్చు, ఆ రోజే చూపించాలి.

ఇదంతా రాసి పంపి, పరీక్ష మ్యాచ్ మర్నాడే చేయించారా అని అడిగాను. ‘అవునండీ, జిల్లా సెమీఫైనల్ అయిన మర్నాడు. ఇప్పుడు నాలుగు రోజులు ఆపమంటే వినడు, ఆదివారం ఫైనల్ ఉంది’ అని జవాబిచ్చారు.