సబ్‌సెంటర్ నర్సమ్మ భుజాన ఇన్ని పనులు ఎలా చేరాయి

ఎనిమిదో నెల గర్భిణి ఒకామె పొద్దుటి నుంచి తలనొప్పి, కళ్లు మసకలు అంటూ సబ్‌సెంటర్‌కు (ఆరోగ్య ఉపకేంద్రానికి) వచ్చిందనుకుందాం. బీపీ చూస్తే 160/110. మూత్రపరీక్ష పట్టీ మీద ప్రొటీన్ రెండు ప్లస్‌లు. ఫిట్స్ ఇంకా రాలేదు గానీ ఏ క్షణమైనా రావచ్చు. ఆ గదిలో డాక్టరు లేరు. ఉన్నది ఏఎన్ఎం, అంటే సబ్‌సెంటర్ నర్సు, ఒక్కరే.

ఆమె అప్పటికప్పుడు తేల్చుకోవాల్సినవి రెండు. ఏ మందు ఇవ్వాలి, ఎక్కడికి పంపాలి. మందు సంగతి మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ద్రావణం, 2 మిల్లీలీటర్ల ఆంపూల్ ఒక్కోదానిలో 1 గ్రాము మందు ఉంటుంది. ఐదు ఆంపూళ్లు ఒక పిరుదుకు, ఐదు రెండో పిరుదుకు, పైభాగాన బయటివైపు, కండరంలోకి లోతుగా ఇవ్వాలి. మొత్తం 10 గ్రాములు. ఒళ్లంతా వేడెక్కినట్టు అనిపిస్తుందని ఆమెకు ముందే చెప్పాలి, లేకపోతే భయపడుతుంది. ఆ తర్వాత ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. తేడా ఎక్కడొస్తుందంటే, ఎప్పుడో శిక్షణలో నేర్చుకుని ఆ తర్వాత ఒక్కసారీ వాడని చేతికి పది ఆంపూళ్లు ఒకేసారి పగలగొట్టే ధైర్యం చాలదు. ఎక్కువైపోతుందేమోనని రెండో మూడో ఇచ్చి బండెక్కిస్తారు. ఆ కాస్త మందు ఫిట్స్‌ను ఆపదు. పైగా మందు పడిందన్న భరోసాతో అందరూ నెమ్మదిస్తారు.

ఎక్కడికి పంపాలన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. దగ్గరున్నది పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), కానీ అక్కడ సిజేరియన్ జరగదు. దానికి పైన ఉండే సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) గైనకాలజిస్టు పోస్టు ఉంటుంది. ఇవాళ ఆమె డ్యూటీలో ఉన్నారా, మత్తు డాక్టరు ఉన్నారా, రక్తం నిల్వ ఉందా అన్నది బోర్డు చూసి తెలుసుకునేది కాదు. వరస తప్పకూడదని సబ్‌సెంటర్ నుంచి పీహెచ్‌సీకి, అక్కణ్నుంచి సీహెచ్‌సీకి, మళ్లీ జిల్లా ఆసుపత్రికి పంపితే ప్రతి గుమ్మం దగ్గరా ఒక ఓపీ చీటీ, ఒక బీపీ, ఒక నిరీక్షణ. అనుభవమున్న ఏఎన్ఎం ముందు ఫోన్ తీస్తుంది. ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్ సిస్టర్‌ను అడుగుతుంది, పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పి నేరుగా అక్కడికే పంపుతుంది. రిఫరల్ చీటీ మీద మందు పేరు, మోతాదు, ఇచ్చిన సమయం రాస్తుంది. ఆ సమయం రాయడం చాలా ముఖ్యం. తర్వాతి డోసు 5 గ్రాములు నాలుగు గంటలకు పడాలి, అదీ మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూశాకే. చీటీలో సమయం లేకపోతే అవతలి డాక్టరు మందు పడిందో లేదో తెలియక మొదటి డోసు మళ్లీ ఇవ్వొచ్చు, పడే ఉంటుందనుకుని వదిలేయనూ వచ్చు.

ఒక నర్సు ఇంత తెలిసి, ఇంత బాధ్యత మోయాలని ఎవరూ ఒక్కరోజున కూర్చుని నిర్ణయించలేదు. డెబ్బై ఏళ్లుగా ఒక్కో కమిటీ, ఒక్కో పథకం తన వంతు పని తెచ్చి ఆ గదిలో దించిపోయింది. ముందు దించిన పనిని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకెళ్లలేదు.

తెలుగు ప్రాంతాల్లో నర్సు శిక్షణకు మొదటి ఆసరా మద్రాసు, ఆ తర్వాత మిషన్ ఆసుపత్రులు. మద్రాసు లయింగ్-ఇన్ ఆసుపత్రిలో 1854లోనే ప్రసవాల పనిలో శిక్షణ మొదలైంది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లో నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అయితే ఇదంతా పట్నాల్లో, ఆసుపత్రుల గోడల మధ్య జరిగింది. పల్లెలో కాన్పు మంత్రసానిదే. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థపై వేసిన భోర్ కమిటీ నివేదిక ఇచ్చే నాటికి దేశంలో 43,000 మందికి ఒక నర్సు. 500 మందికి ఒకరుండాలని ఆ కమిటీ లక్ష్యం పెట్టింది.

అంతమంది పూర్తిస్థాయి నర్సులను తయారు చేయడానికి వ్యవధి లేదు, డబ్బూ లేదు. అందుకే 1951లో పంజాబ్‌లోని తరన్ తారన్‌లో రెండేళ్ల ఏఎన్ఎం కోర్సు మొదలుపెట్టారు. పేరులోనే ఆమె పని ఉంది: ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. మరుసటి ఏడాది, 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది, దాని వెంటే పీహెచ్‌సీలు వచ్చాయి. ఊళ్లో కాపురముండి, ఇంటింటికీ తిరిగి పురుడు పోసే మనిషిగా ఏఎన్ఎంను ఊహించారు. రెండేళ్ల కోర్సులో పెద్ద భాగం ఆ నైపుణ్యమే.

ఆ ఊహ ఎక్కువ కాలం నిలవలేదు. కుటుంబ నియంత్రణ జాతీయ ప్రాధాన్యమయ్యాక నెలనెలా ఆపరేషన్ల టార్గెట్లు వచ్చాయి. సమీక్షల్లో ఎన్ని కాన్పులు క్షేమంగా చేశావని అడిగేవారు తగ్గి, ఎన్ని కేసులు తెచ్చావని అడిగేవారు పెరిగారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఒక్కో జబ్బుకు ఒక్కో కార్యకర్త ఉండే పద్ధతి మాని అన్ని పనులూ చేసే మనుషులు కావాలంది. సబ్‌సెంటర్‌కు ఒక మహిళ, ఒక పురుషుడు. మహిళా కార్యకర్త స్థానంలోకి ఏఎన్ఎం వచ్చింది. ఈనాటికీ ఆమె ఉద్యోగ పత్రాల్లో ఎంపీహెచ్ఏ (మల్టీ పర్పస్ హెల్త్ అసిస్టెంట్) అని ఉండటానికి మూలం అదే. 1977లో కోర్సును పద్దెనిమిది నెలలకు కుదించారు. తగ్గిన ఆ ఆరు నెలల దెబ్బ ప్రధానంగా కాన్పుల శిక్షణ మీదే పడిందని చెప్పక తప్పదు. కమిటీ కాగితం మీద మలేరియా, పారిశుద్ధ్యం పురుష కార్యకర్తవి. ఎక్కడెక్కడ ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయిందో అక్కడల్లా రక్తపు స్లైడ్లు కూడా ఆమె సంచిలోకే చేరాయి.

మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ అన్న లెక్క ఉంది. మైదానంలో ఆ సంఖ్య సరిపోవచ్చేమో. పాడేరు కొండల్లో మూడు వేల మంది అంటే పదిహేను ఇరవై గూడేలు. వాగు పొంగితే అందులో సగం అందవు. గర్భిణిని డోలీలో దించాల్సి వచ్చే చోట జనాభాను బట్టి కాక దూరాన్ని బట్టి పోస్టులు ఇవ్వాల్సింది. ఆ పని ఇప్పటికీ జరగలేదు.

1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చింది. ఏఎన్ఎంల చేతుల మీదుగా ఈ దేశం సాధించిన వాటిలో దీనికి సాటి మరొకటి లేదు. 2011 జనవరి తర్వాత ఇక్కడ వైల్డ్ పోలియో కేసు నమోదు కాలేదు. బయటివారికి టీకా అంటే సూది పోటు. ఆమెకు మాత్రం అది పొద్దున్నే ఐస్‌ప్యాకులతో మొదలవుతుంది. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకులను నేరుగా క్యారియర్‌లో పెట్టకూడదు. చెమర్చి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా బయట ఉంచి, అప్పుడు నాలుగు ప్యాకులు సర్దాలి. తొందరపడితే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా), హెపటైటిస్ బి టీకాలు గడ్డకడతాయి. గడ్డకట్టిన టీకా తర్వాత కరిగినా పనికిరాదు. సీసా మీది వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు వేడి తగిలిన సంగతి చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. అనుమానం వస్తే సీసా ఊపి చూడాలి, అడుగున తరకలు దిగితే పారేయాలి.

మీజిల్స్-రూబెల్లా టీకా ఇంకో రకం. దాన్ని కలిపే డైల్యూయెంట్ కూడా చల్లగా ఉండాలి. కలిపాక నాలుగు గంటలే ఆయుష్షు, అందుకే సీసా మీద కలిపిన సమయం రాయాలి. పెంటావాలెంట్ సీసాను తెరిచాక కూడా నియమాలు పాటిస్తే 28 రోజులు వాడొచ్చు. ఈ రెండు గడువులను కలగాపులగం చేసినప్పుడే ప్రమాదం. నాలుగు గంటలు దాటిన సీసాలో సూక్ష్మజీవులు పెరిగి పసిపిల్లల ప్రాణాల మీదికి వస్తుంది. మన రాష్ట్రాల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆ రెండు రోజులూ మీటింగులు, సర్వేలు పెట్టవద్దని ఫీల్డ్ సిబ్బంది అడుగుతున్నది ఈ గడువుల కోసమే.

2005 పెద్ద మలుపు. ఆ ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. ఆసుపత్రి కాన్పుకు డబ్బిచ్చే జననీ సురక్షా యోజన, ఊరికో ఆశా కార్యకర్త, కాంట్రాక్టుపై సెకండ్ ఏఎన్ఎం, ఇరవై నాలుగు గంటల పీహెచ్‌సీల్లో స్టాఫ్ నర్సులు, ఇవన్నీ ఆ మిషన్ తెచ్చినవే. ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు బయల్దేరాయి. కాన్పులన్నీ ఆసుపత్రిలోనే జరగాలన్నది విధానమైంది. అదే ఏడాది, ఏఎన్ఎంలు తామే ఆక్సిటోసిన్ (కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే మందు), మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇవ్వవచ్చని కేంద్ర మార్గదర్శకాలు వచ్చాయి. అందుకోసం ఇరవై ఒక్క రోజుల ఎస్‌బీఏ (స్కిల్డ్ బర్త్ అటెండెంట్, అంటే నిపుణతతో పురుడు పోసే మనిషి) శిక్షణ పెట్టారు. రెండూ మంచి నిర్ణయాలే. కానీ మందు చేతికొచ్చిన కాలంలోనే కాన్పు చేతుల్లోంచి జారిపోయింది. నెలకు ఒక్క కాన్పు కూడా చూడని మనిషికి అత్యవసర మందు వాడే చెయ్యి ఎలా నిలుస్తుంది? పది ఆంపూళ్ల దగ్గర వచ్చే తడబాటుకు కారణం ఇదే, ఆమె అసమర్థత కాదు. ఇందుకు దారి ఉంది. ఎస్‌బీఏ శిక్షణ ఒకసారి ఇచ్చి వదిలేయకుండా, ఏటా కొన్ని రోజులు రద్దీగా ఉండే లేబర్ రూమ్‌లో డ్యూటీ వేయడం.

తర్వాతి పొర పరిపాలనది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లు వెల్‌నెస్ సెంటర్లుగా మారడం మొదలైంది. నర్సింగ్ చదివి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసిన ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అక్కడ బీపీ, షుగర్ ఓపీ చూస్తారు. దశాబ్దాలుగా ఆ గది నడిపిన ఏఎన్ఎం, కొత్తగా వచ్చిన ఎంఎల్‌హెచ్‌పీ ఎవరికి ఎవరు జవాబుదారీ అన్నది చాలాచోట్ల మనుషుల మంచితనం మీద నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్‌లో గ్రామ సచివాలయాలు వచ్చాయి, వాటికి గ్రేడ్-3 ఏఎన్ఎంలను తీసుకున్నారు. దాంతో ఒకే ఉద్యోగికి ఇద్దరు అధికారులు. సచివాలయంలో హాజరు వేయాలి, పీహెచ్‌సీ డాక్టరుకు పని చూపాలి. టీకాల రోజున క్యారియర్ పీహెచ్‌సీలో, హాజరు మెషీన్ ఇంకోచోట ఉంటే పొద్దున ఎటు వెళ్లాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

ఇక రిజిస్టర్లు. విడివిడి పుస్తకాల బదులు తల్లీబిడ్డల వివరాలన్నీ రాసే ఆర్‌సీహెచ్ రిజిస్టర్ ఒక్కటే అన్నారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ వివరాలే నమోదు చేసే అన్‌మోల్ యాప్ ఉన్న ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ తర్వాత జీవనశైలి జబ్బులకు ఒక యాప్, టీకాలకు యూ-విన్. యాప్ వచ్చింది కదా అని పుస్తకం పోలేదు, రెండూ రాయాలి. అంతకన్నా పెద్ద చిక్కు మన ఆచారంలో ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో. గర్భిణి పేరు అత్తారింటి ఊళ్లో నమోదవుతుంది. ఏడో నెలలోనో, శ్రీమంతం అయ్యాకనో పుట్టింటికి వెళ్తుంది. కాన్పు పుట్టింటికి దగ్గరున్న ఆసుపత్రిలో అవుతుంది, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక తిరిగొస్తుంది. అత్తారింటి ఏఎన్ఎం జాబితాలో ఆమె కాన్పు తేదీ దాటినా తేలని కేసు. పుట్టింటి ఏఎన్ఎంకు జాబితాలోనే లేని మనిషి. రెండు ఊళ్ల నర్సమ్మలు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, ఆర్‌సీహెచ్ ఐడీ వాట్సాప్‌లో పంపుకుంటేనే ఆ బిడ్డకు పద్నాలుగో వారం టీకా వేళకు పడుతుంది. మిర్చి కోతలకు వలస వెళ్లే కుటుంబాలదీ ఇదే తంతు, పైగా వాళ్లకు పుట్టింటి ఆసరా కూడా ఉండదు.

కాన్పులు ఆసుపత్రికి చేరడమన్న లక్ష్యం దాదాపు నెరవేరింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తానికి 21.5 శాతమే. 1951లో తయారు చేసుకుని 1977 నుంచి చేతులారా పలచబరుచుకున్న మిడ్‌వైఫ్ లేని లోటు ఈ అంకెల్లో కొంతైనా కనబడుతుంది. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబర్‌లో కేంద్రం జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం పేరులో నర్సింగ్ పక్కన మిడ్‌వైఫరీ కూడా ఉంది. అలా తయారైన మిడ్‌వైఫ్‌ను లేబర్ రూమ్‌లోనే ఉంచాలి. రొటేషన్ పేరుతో మూడు నెలలకోసారి ఐసీయూకో, జనరల్ వార్డుకో మారిస్తే పద్దెనిమిది నెలల శిక్షణా వృథా.

మొదట చెప్పుకున్న గర్భిణికి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిందనుకుందాం. తల్లీబిడ్డా క్షేమం. బీపీ మాత్రలు రాసి ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక, కాన్పయిన ఏడో రోజు నుంచి నలభై రెండో రోజు వరకు తిరిగే సందర్శనల్లో ఆశా బిడ్డ బరువు, బొడ్డు, చనుబాలు చూస్తుంది. బీపీ మెషీన్ ఏఎన్ఎం దగ్గరే ఉంటుంది. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు, మాత్రలు ఎప్పుడు తగ్గించాలో చెప్పడానికి బీపీ చూస్తూ ఉండాలి. అందుకు ఆసుపత్రిలో చివరి బీపీ ఎంత, ఏ మాత్ర, ఎన్ని రోజులు అన్నది తెలియాలి. సబ్‌సెంటర్ నుంచి పైకి వెళ్లడానికి రిఫరల్ చీటీ ఉంది. పైనుంచి సబ్‌సెంటర్‌కు తిరిగి రావాల్సిన చీటీ చాలా అరుదుగా వస్తుంది. డిశ్చార్జి కాగితం బాలింత దగ్గరుంటుంది, బాలింత పుట్టింట్లో ఉంటుంది.