స్పానిష్ నీళ్లకు 'ఎల్' ఎందుకొచ్చింది?

స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా నీళ్ల దగ్గర తడబడతారు. 'ఈ నీళ్లు' అనడానికి 'ఎస్తా ఆగ్వా' అనాలి. చాలామంది నోటికి 'ఎస్తె ఆగ్వా' అని వచ్చేస్తుంది. ఎస్తా స్త్రీలింగానికి, ఎస్తె పుంలింగానికి. పాపం, వాళ్ల పొరపాటుకూ కారణముంది. ఆ మాట ముందు రోజూ వినిపించేది 'ఎల్'. అది పుంలింగానికి పెట్టే ముక్క.

ఆ భాషలో ప్రతి నామవాచకానికీ లింగం ఉండాల్సిందే. పుస్తకం 'ఎల్ లీబ్రో', బల్ల 'లా మేసా'. పక్కనున్న విశేషణమూ దాన్నిబట్టి మారాలి. తెల్ల పుస్తకం 'లీబ్రో బ్లాంకో', తెల్ల బల్ల 'మేసా బ్లాంకా'. స్కూల్లో హిందీ 'కా, కీ'ల దగ్గర మార్కులు పోగొట్టుకున్నవాళ్లకు ఈ టెన్షన్ కొత్తేమీ కాదు. తెలుగులో ఆ బాధ తక్కువ. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సూ వచ్చింది. ఎవరు, ఏమిటి అన్నది తెలిస్తే చాలు, క్రియ దానంతటదే కుదురుతుంది.

స్పానిష్‌లో అలా కాదు. బల్లలో ఆడతనం ఏముందని వెతికితే ఏమీ దొరకదు. సంస్కృతంలో భార్య స్త్రీలింగం, కళత్రం నపుంసకలింగం, దార పుంలింగం. మూడు మాటలకూ అర్థం పెళ్లామే! లింగం మాటది, మనిషిది కాదు. స్పానిష్‌లో వ్యక్తిని 'పెర్సోనా' అంటారు. ఆ వ్యక్తి మీసాలున్న మగవాడైనా మాట స్త్రీలింగమే.

మళ్లీ నీళ్ల దగ్గరికి వద్దాం. లాటిన్‌లో 'ఆ' అని చూపించే స్త్రీలింగ పదం 'ఇల్లా'. పాత స్పానిష్‌లో అది 'ఎలా' అయింది. హల్లు ముందు దాని మొదటి అచ్చు రాలిపోయి 'లా' మిగిలింది. అచ్చు ముందు చివరి అచ్చు జారిపోయి 'ఎల్' మిగిలింది. 'రాముడు ఎక్కడ' అన్నది 'రాముడెక్కడ' అయినట్టే, ఇదీ ఒక సంధి. అంటే ఆగ్వా ముందున్న 'ఎల్' నిజానికి తోక తెగిన 'ఎలా'. పుంలింగపు 'ఎల్' వేరే, అది అదే లాటిన్ మాటకు పుంలింగ రూపమైన 'ఇల్లె' నుంచి వచ్చింది. పోను పోను ఈ సంధి, ఒత్తి పలికే 'ఆ'తో మొదలయ్యే మాటల ముందు మాత్రమే నిలిచింది. ఆకలి 'ఎల్ ఆంబ్రె'. పిండి మాత్రం 'లా అరీనా', ఎందుకంటే అక్కడ ఒత్తు 'రీ' మీద పడుతుంది. అసలు గుట్టు విశేషణం దగ్గర బయటపడుతుంది. చల్లటి నీళ్లు 'ఎల్ ఆగ్వా ఫ్రీయా', ఫ్రీయో కాదు. బహువచనంలో ఏ తికమకా లేదు, 'లాస్ ఆగ్వాస్'.

'ఓ'తో ముగిస్తే పుంలింగం, 'ఆ'తో ముగిస్తే స్త్రీలింగం అని క్లాసులో చెప్తారు. చాలావరకు నిజమే. తప్పించుకున్న మాటలకూ వంశవృక్షం ఉంటుంది. చెయ్యి 'లా మానో', లాటిన్‌లో దాని తల్లి 'మానుస్' స్త్రీలింగం కాబట్టి. ప్రొబ్లేమా, సిస్తేమా, క్లీమా గ్రీకులో నపుంసకలింగాలు, స్పానిష్‌లో పుంలింగంలో చేరాయి. ఫోటోకు 'లా' రావడం మరీ సులువు, అది 'ఫోటోగ్రఫీయా'కు పొట్టి రూపం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆకు కథ. లాటిన్‌లో నపుంసకలింగానికి బహువచనం 'ఆ'తో ముగిసేది. 'ఫోలియా' అంటే ఆకులు. చివర 'ఆ' వినబడేసరికి జనం దాన్ని స్త్రీలింగ ఏకవచనం అనుకున్నారు. బోలెడు ఆకులు కాస్తా ఒక్క ఆకు అయిపోయాయి. అదే నేటి 'లా ఓహా'.

స్పానిష్ నామవాచకాల్లో నపుంసకలింగం లేదు. అలా ఇల్లు పోయిన లాటిన్ నపుంసకలింగాల్లో సముద్రమూ ఒకటి. అది ఇప్పటికీ ఒక గట్టున నిలవలేదు. మామూలుగా 'ఎల్ మార్' అంటారు. పడవ నడిపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు 'లా మార్' అంటారు. నడిసముద్రం మాత్రం అందరికీ 'ఆల్తా మార్', స్త్రీలింగమే.