మందు మీద మనసు: హిప్నాటిజం ఎక్కడ పనికొస్తుంది?

"హిప్నాటిజం చేయిస్తే మా ఆయన తాగుడు మానేస్తాడా?" అని అడిగేవాళ్ల మనసులో ఉండేది వశీకరణం. ఎవరో కళ్లలోకి చూస్తారు, చిటికె వేస్తారు, లేచేసరికి మనిషి మారిపోయి ఉంటాడు. అలా జరగదు. హిప్నోసిస్‌లో ఉన్న మనిషికి తెలివి ఉంటుంది, మాటలు వినబడతాయి, నచ్చకపోతే లేచి వెళ్లిపోతాడు. తగ్గించుకోవాలని తనకే లేనివాణ్ని తీసుకెళ్లి కూర్చోబెడితే ఫీజు దండగ. తగ్గించుకోవాలని ఉండీ సాయంత్రం ఏడున్నరకు ఓడిపోయేవాడి సంగతి వేరు. ఈ వ్యాసం అతని గురించే.

పచ్చి మామిడికాయను చెక్కలు కోసి, ఉప్పూకారం అద్ది, ఒక చెక్క కొరికినట్టు ఊహించుకోండి. నోట్లో నీళ్లూరాయా? కాయ లేదు, కత్తి లేదు, అయినా లాలాజల గ్రంథులు పని మొదలుపెట్టాయి. తాగాలన్న తహతహ కూడా ఇలాగే పుడుతుందని కవనా, ఆండ్రేడ్, మే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ఒక సిద్ధాంతం చెప్పారు. "ఒక పెగ్గు వేస్తేనో" అన్న ఆలోచన తళుక్కున వస్తుంది. అంతవరకు ప్రమాదం లేదు. తర్వాత దానికి మనమే రంగులు వేస్తాం: గ్లాసుకు పట్టిన చెమట, ఐసు చప్పుడు, సోడా నురగ, గొంతులో మొదటి మంట. వేసిన ప్రతి రంగూ కాస్త సుఖాన్నిస్తుంది, వెంటనే అసలుది చేతిలో లేదని గుర్తుచేస్తుంది. ఆ వెలితి పూడ్చుకోవడానికి ఇంకో రంగు వేస్తాం. తహతహ అంటే ఈ చక్రమే.

దీనికో బలహీనత ఉంది. ఊహాచిత్రాలు నిలిచేది వర్కింగ్ మెమరీలో, అంటే ఆ క్షణానికి కావలసింది మనసు పట్టి ఉంచే చోట. అందులో చోటు చాలా తక్కువ, స్పష్టమైన బొమ్మలు రెండు ఒకేసారి పట్టవు. ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రచురించిన ప్రయోగంలో 31 మంది విద్యార్థులు పాల్గొన్నారు; వాళ్లలో 15 మంది 3 నిమిషాలు టెట్రిస్ అనే వీడియో గేమ్ ఆడారు. కోరిక బలం సగటున 70 నుంచి 56 శాతానికి దిగింది. ఇటుకలు పేర్చే ఆటకు కళ్లముందటి చోటంతా కావాలి మరి. అంకెలు లెక్కపెట్టడం అంతగా పనిచేయకపోవడానికి కారణం కూడా అదే: అంకెలు బొమ్మ స్థలాన్ని ఆక్రమించవు. హిప్నోసిస్ చేసేదల్లా పోటీ బొమ్మను టెట్రిస్ కన్నా గాఢంగా, వాసనతో రుచితో సహా, ముందుగానే తయారుచేసి పెట్టడం.

హిప్నోసిస్‌లో మనసుకు చెప్పే మాటను సూచన అంటారు. "నేను తాగను" అన్న సూచన ఎందుకు చెడ్డదో ఇప్పుడు తెలుస్తుంది. గ్లాసును వద్దనాలంటే మనసు ముందు గ్లాసును గీయాలి.

పద్ధతి ఇది. రెండు వారాలు డైరీ రాయించాలి: ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో, ఎన్ని మిల్లీలీటర్లు, కోరిక పదికి ఎంత. కొలత గట్టిగా ఉండాలి. 42.8 శాతం విస్కీ 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. "బీరే కదా" అనే 650 మి.లీ. స్ట్రాంగ్ సీసాలో, 8 శాతమైతే, 41 గ్రాములు. డైరీలోంచి ఒక్క క్షణాన్ని ఎంచుకోవాలి, ఉదాహరణకు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు వైన్ షాపు మలుపు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, చూపుకు కాస్త పైన ఒక చుక్క మీద కళ్లు నిలపమంటారు. 1840ల్లో మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ వాడినదీ ఇలాంటిదే. రెప్పలు బరువెక్కాక ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె, పది నుంచి కిందికి. అప్పుడు సూచన: "మలుపు కనబడగానే బొటనవేలు చూపుడువేలు నొక్కుతారు. నొక్కగానే ఇంటి ముందు తడిపిన నేల వాసన, చేతిలో చల్లటి మజ్జిగ, నాలుక మీద అల్లం." వాసన, స్పర్శ, రుచి మూడూ ఉండాలి. ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి లేపుతారు. ఇంటి దగ్గర రోజూ పది, పదిహేను నిమిషాల సాధన, ఆ గడియ రావడానికి గంట ముందు. బండి నడుపుతూ రికార్డింగు వినకూడదు.

చెడేది ఎక్కువగా ఇక్కడే. మొదటి పెగ్గు పడ్డాక సాధన చేస్తే లాభం లేదు. పడుకుని చేస్తే నిద్రపడుతుంది. "మందు వాసనకు వాంతి వస్తుంది" వంటి ఏవగింపు సూచనలు త్వరగా అరిగిపోతాయి. తాగుడుకు మూలకారణం చిన్నతనంలో ఉందంటూ వెనక్కి తీసుకెళ్లేవాళ్లకు దూరంగా ఉండండి. అలా జరగనివి కూడా జరిగినట్టు గుర్తుకొస్తాయి. సైకోసిస్ (లేనివి వినబడటం, కనబడటం వంటి తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవాళ్లకు ఇది వద్దు. హిప్నోసిస్ అందరికీ ఒకేలా పట్టదు కూడా, బాగా పట్టేవాళ్లు పదిలో ఒకరిద్దరు.

ఆధారాలు గొప్పగా లేవు. నార్వేలో ఆసుపత్రిలో చేరిన 31 మందితో చేసిన పరీక్షలో హిప్నోథెరపీ పొందినవాళ్లూ మోటివేషనల్ ఇంటర్వ్యూ అనే కౌన్సెలింగ్ పొందినవాళ్లూ ఏడాది తర్వాత ఇద్దరూ తగ్గించారు, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఇది కౌన్సెలింగ్‌కు తోడు మాత్రమే.

మన దగ్గర ఇంతకన్నా పెద్ద ప్రయోగం ఏటా జరుగుతుంది. రోజూ తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టడు. మహిమ అనేవాళ్లు, మూఢనమ్మకం అనేవాళ్లు ఎలాగూ వాదించుకుంటారు. నాకు కనబడేది వేరు: ఏడున్నరకు గ్లాసు బొమ్మ ఉండే చోట కర్పూరం వాసన, శరణుఘోష, "స్వామీ" అనే పిలుపు వచ్చి కూర్చున్నాయి. మాల తీసిన రోజు అవన్నీ ఒకేసారి పోతాయి, షాపు మలుపు మాత్రం అక్కడే ఉంటుంది. దీక్ష చేసినవాణ్ని థెరపిస్టు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆ రోజుల్లో మందు గుర్తురానివ్వనిది ఏది? పోటీ బొమ్మ అక్కడ సిద్ధంగా దొరుకుతుంది.

పొద్దున్నే చేతులు వణికేవాళ్లకు మాత్రం ఇవేవీ మొదటి మెట్టు కావు. చాలాకాలం ఎక్కువగా తాగి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు మూడు రోజులకు డెలీరియం (మతి తప్పి కలవరించడం) రావచ్చు, ప్రాణం పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరింది అందుకే. వాళ్లలో కల్లు తాగేవాళ్లూ ఉన్నారు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయాజెపామ్ అనే మత్తుమందులు ఒక్కసారిగా మానినా ఫిట్స్ వస్తాయి. అలాంటివాళ్లు డాక్టరుకు రోజుకు ఎంత తాగేదీ, చివరిసారి ఎన్ని గంటలకు తాగిందీ, కల్లు అలవాటు ఉందా లేదా చెప్పాలి. వెంటనే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. అన్నంలో తెలియకుండా కలిపే పొడులు అసలు వాడకండి: అందులో మందు పడితే ఒంట్లో విషంలా పనిచేయించే డైసల్ఫిరామ్ అనే ఔషధం ఉండి ఆ మనిషి ఆ రాత్రి తాగితే గుండెకే ముప్పు.