క్రైమ్ నవలల్లో రాజకీయం: అపోహలు - వాస్తవాలు

క్రైమ్ నవలలు రాసేవాణ్ని కాబట్టి ఈ మాటలు తరచూ నా చెవిన పడుతుంటాయి.

అపోహ: క్రైమ్ నవల కాలక్షేపం కోసం. అందులో రాజకీయాలెందుకు?

వాస్తవం: పెద్ద బంగళాలో హత్య జరుగుతుంది. డిటెక్టివ్ హంతకుణ్ని పట్టిస్తాడు, మిగిలినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఆస్తి ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. అంటే హంతకుడొక్కడు తప్ప అంతా సవ్యంగానే ఉందని రచయిత చెప్పినట్టేగా!

అపోహ: సందేశం పెడితే సస్పెన్స్ పోతుంది.

వాస్తవం: పాత్రల చేత ఉపన్యాసాలిప్పిస్తే పోతుంది. స్వీడన్ రచయితలు మై షోవాల్, పేర్ వాలూ ఇద్దరూ మార్క్సిస్టులు. 1965 నుంచి 1975 దాకా మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారితో 10 నవలలు రాశారు. సంక్షేమ రాజ్యమనే ముసుగులో కార్మికులకు ద్రోహం జరుగుతోందన్నది వాళ్ల వాదన. దాన్ని దర్యాప్తులోనే కలిపేశారు. చివరి పుస్తకాల్లో ఉపన్యాసం పాలు పెరిగిందనే నేనూ అంటాను.

అపోహ: డబ్బున్నవాణ్ని విలన్ చేస్తే పెట్టుబడిదారీ విధానాన్ని ఎండగట్టినట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. విలన్ జైలుకెళ్లగానే లెక్క తీరిపోతుంది, వ్యవస్థ జోలికి ఎవరూ పోరు. షోవాల్, వాలూలదే 1970 నాటి నవల 'మర్డర్ ఎట్ ద సవాయ్' చూడండి (హంతకుడెవరో చెప్పక తప్పడం లేదు). స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఒక హోటల్లో విందు. పారిశ్రామికవేత్త పామ్‌గ్రెన్ మాట్లాడుతుండగా ఒకడు లోపలికొచ్చి కాలుస్తాడు. ఆయన ముఖం ప్లేట్లోని బంగాళాదుంప ముద్దలో పడుతుంది. ఆయనకు ఆయుధ వ్యాపారముంది కాబట్టి ఏదో రాజకీయ కుట్ర అనుకుంటారు బెక్ పై అధికారులు. తీరా చూస్తే కాల్చినవాడు ఆయన కంపెనీలో ఉద్యోగం ఊడిన మామూలు మనిషి. ఉద్యోగంతోపాటు ఇల్లు పోయింది, కాపురం చెదిరింది. ఉద్యోగం తీసేయడం, ఇల్లు ఖాళీ చేయించడం చట్టం దృష్టిలో నేరాలు కావు. తుపాకీ పేల్చడం ఒక్కటే నేరం. హంతకుణ్ని పట్టుకున్నాక కూడా బెక్ మనసు కుదుటపడదు.

అపోహ: ఇదంతా యూరప్ మేధావుల గొడవ.

వాస్తవం: అమెరికాలో క్రైమ్ రచయిత డాషియల్ హామెట్ అంతకు ఎంతో ముందే ఇలాంటిది రాశాడు. ఆయన పనిచేసిన పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీకి, యజమానుల తరఫున సమ్మెలు విరగ్గొట్టిన చరిత్ర ఉంది. 1929లో వచ్చిన 'రెడ్ హార్వెస్ట్'లో ఒక గని యజమాని సమ్మెను అణచడానికి రౌడీల్ని రప్పిస్తాడు. పనయ్యాక వాళ్లు వెళ్లరు, ఊరినే పంచుకుంటారు. ఊరిని శుభ్రం చేయమని డిటెక్టివ్‌కి డబ్బిచ్చేది కూడా ఆ యజమానే.