పాత కారుకు రాగి బ్రేక్ పైపులు: అపోహలు – వాస్తవాలు

కల్వకుర్తిలో మా షెడ్డు శ్రీశైలం పోయే రోడ్డు మీదే ఉంది. పాత మారుతి 800లు, ఓమ్నీలు, అప్పుడప్పుడు ఒక అంబాసిడర్, ఘాట్ ఎక్కే ముందు బ్రేకులు చూపించుకుందామని ఆగుతుంటాయి. కొందరు ఇంటి దగ్గరే పైపులు మార్చుకుని, "ఒక్కసారి చూడన్నా" అని వస్తారు. ఇంట్లో చేసుకోవడం తప్పని నేను అనను. ఓపిక, సరైన పనిముట్లు ఉంటే చేసుకోవచ్చు. అయితే అందరూ రాగి మంచిదా, ఇనుము మంచిదా అనే అడుగుతారు. నేను చూసే లీకులు మాత్రం ఎక్కువగా పైపు మూతి దగ్గరే ఉంటాయి.

అపోహ: "మన దగ్గర సముద్రం ఉందా ఏంది, పైపులు తుప్పు పట్టడానికి?"

ఉప్పుగాలి లేని మాట నిజమే. కానీ వానాకాలం నాట్లప్పుడు కేజ్ వీల్స్ ట్రాక్టర్లు పొలాల నుంచి రోడ్డెక్కి బురదంతా పరుస్తాయి. ఆ బురద కారు కింద పైపును పట్టి ఉంచే క్లిప్పుల్లో ఇరుక్కుంటుంది. మిగతా పైపు ఎండకు ఆరిపోయినా క్లిప్పు కింద తడి అట్లాగే ఉంటుంది. పైనుంచి చూస్తే పైపు బాగానే కనిపిస్తుంది. క్లిప్పు విప్పి గోటితో గీకితే అక్కడే పొరలు పొరలుగా లేస్తుంది. తుప్పు లోపలి నుంచీ తినేస్తుంది, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమని చెప్పేది అందుకే.

అపోహ: "ఏసీ రాగి పైపు ఇంట్లో మిగిలింది, గదే వేసుకుంటే అయిపోదా?"

కాదు. టైరులో గాలి 30 పీఎస్ఐ ఉంటుంది. గట్టిగా బ్రేక్ తొక్కితే ఈ సన్న పైపులో ఒత్తిడి వెయ్యి పీఎస్ఐ దాటుతుంది. పైగా మెత్తటి రాగి అదురుకు అదురుకు గట్టిపడి, ఒకనాడు వెంట్రుక మందాన పగులుతుంది. బ్రేకుల కోసమని తయారయ్యే పైపు ఉత్త రాగి కాదు, సుమారు పదో వంతు నికెల్ కలిపిన రాగి. వోల్వో కంపెనీ 1976 నుంచే తన కార్లకు ఇదే వాడింది. చేత్తో వంచుకోవచ్చు, తుప్పు పట్టదు. కోసిన చోట చూడండి: ఉత్త రాగి ఎర్రగా మెరుస్తుంది, నికెల్ కలిసినది కాస్త పాలిపోయి ఉంటుంది. రంగు ఒక్కదాన్నే నమ్మకండి, బ్రేక్ పైపు అని రాసి ఉన్న చుట్టే కొనండి. చాలా కార్లకు 4.75 మిల్లీమీటర్ల పైపు సరిపోతుంది. పాతది విప్పి షాపుకు తీసుకుపోయి పోల్చుకోవడం మేలు.

అపోహ: "ఫ్రిజ్ మెకానిక్ మూతి వెడల్పు చేసి ఇస్తాడు, సరిపోతది"

నేను ఎక్కువగా కొట్లాడేది ఈ మాట మీదే. ఫ్రిజ్ పనిలో మూతి ఒక్క పొరగా విచ్చుకుంటుంది. బ్రేక్ పైపుకు అంచును లోపలికి మడిచి రెండు పొరలు చేయాలి, దాన్నే డబుల్ ఫ్లేర్ అంటాం. మారుతి లాంటి జపాన్ మూలం ఉన్న బండ్లకు అది పడుతుంది. యూరప్ బండ్లలో ఎక్కువగా గుండ్రంగా ఉబ్బిన బబుల్ ఫ్లేర్ ఉంటుంది. ఒకదాని చోట ఒకటి పెడితే నట్టు బిగుస్తుంది కానీ మూతి కూర్చోదు.

పైపును ఆక్సా బ్లేడుతో కోయొద్దు, పొట్టు లోపలికి పోతుంది. చక్రం తిరిగే పైపు కట్టర్‌తో కోయండి. లోపలి అంచు గరుకు తీసి, పైపులో గాలి ఊది, నట్టును ముందే ఎక్కించి, అప్పుడే ఫ్లేర్ కొట్టండి. అయ్యాక ఎండలో పట్టుకుని మూతిని చుట్టూ తిప్పి చూడండి. మడత ఒక పక్కకు వాలినా, అంచున సన్నటి గీత కనిపించినా ఆ కొస కోసేసి మళ్లీ చేయండి. కారు పైపు మొదలుపెట్టే ముందు వేస్టు ముక్కల మీద చేయి కుదురుకోనివ్వండి. చేయి కుదరకపోతే, మూతులు కంపెనీలోనే వేసి వచ్చిన పైపు దొరుకుతుందేమో అడిగి అదే తెచ్చుకోండి.

అపోహ: టెఫ్లాన్ టేపు చుడితే లీకు ఆగుతుంది

ఆగదు. నీళ్ల నల్లాలో లాగా ఇక్కడ నట్టు మరల (చుట్ల) దగ్గర ఆయిల్ ఆగదు, మూతి దగ్గర ఆగుతుంది. టేపు తునకలు మాత్రం లోపలికి పోతాయి.

అపోహ: పాడైన ముక్క కోసి మధ్యలో జాయింట్ వేస్తే చాలు

నల్లా పైపులకు వాడే రింగు జాయింట్లు ఈ ఒత్తిడికి జారిపోతాయి. వెల్డింగ్, టంకం కూడా వద్దు. ఒక జాయింట్ నుంచి ఇంకో జాయింట్ దాకా పైపు మొత్తం మార్చండి.

అపోహ: రాగి వేస్తే ఇక జన్మలో చూడక్కర్లేదు

తుప్పు పట్టకపోయినా అదురు దాన్ని తింటుంది. కొత్త పైపు పాత దారిలోనే పోవాలి, ప్రతి క్లిప్పూ తిరిగి పడాలి. సైలెన్సర్‌కు ఆనుకోకూడదు, చక్రం తిరిగేటప్పుడు రాసుకోకూడదు.

అపోహ: "బ్రేక్ ఆయిల్ అయిపోయింది, కొంచెం ఇంజన్ ఆయిల్ పోస్తే ఏమైతది?"

పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో, చక్రాల సిలిండర్లలో ఉన్న రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. దాంతో బ్రేకులు పట్టేస్తాయి, లేదా అసలు పడవు. ఒక్కసారి పోశారంటే రబ్బర్లన్నీ మార్చాల్సిందే. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని ఉంటే డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోయండి, డాట్ 5 మాత్రం కలపొద్దు. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకుండా ఆగాలి, తేమ పట్టాక 140 దాకా ఆగినా చాలనే లెక్క. శ్రీశైలం ఘాట్‌లో దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు అట్లే పెట్టి పోతే ఆ వేడికి ముసలి ఆయిల్ ఆవిరవుతుంది. ఎక్కడా లీకు లేకుండానే పెడల్ నేలకు తగులుతుంది. కొత్త పైపులో పాత ఆయిల్ పోయకండి. దిగేటప్పుడు చిన్న గేరులో రండి.

అపోహ: పెడల్ పంపు కొడితే ఎయిర్ అదే పోతుంది

పైపు విప్పినప్పుడు లోపలికి దూరిన గాలి అట్లా పోదు. ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర ఎయిర్ వదిలే చిన్న మర, అంటే నిప్పిల్ విప్పి, ఎయిర్ పోయాక మూయాలి. మూసిన తర్వాతే పెడల్ వదలాలి. డబ్బాలో ఆయిల్ అడుక్కు పోనీయకండి. పాత బండైతే పెడల్ కింద చిన్న చెక్క పెట్టండి. రోజూ పిస్టన్ పోని చోట మాస్టర్ సిలిండర్ గోడకు మడ్డి పేరుకుని ఉంటుంది, పెడల్ నేలదాకా పోతే అది రబ్బరును కోస్తుంది. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న బండైతే ఈ పని షెడ్డులోనే చేయించుకోండి.

బండి కిందకి దూరేటప్పుడు ఉత్త జాకీ మీద నమ్మకం పెట్టకండి. స్టాండ్లు వేయండి, నేల మీద ఉన్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. నట్టుకు మామూలు పానా వేస్తే మూలలు అరిగిపోతాయి, ఫ్లేర్ నట్టు పానా కొనుక్కోండి. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి.

అంతా అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకర్ని పెడల్ బలంగా తొక్కి ఒక నిమిషం పట్టమనండి. మీరు కింద ప్రతి జాయింటుకూ పొడి కాగితం అద్ది చూడండి. ఎక్కడైనా తడి అంటితే బండి కదపొద్దు. తడి లేకపోతే ముందు హ్యాండ్ బ్రేక్ పట్టుతోందో లేదో చూసుకుని, మనుషులు లేని చోట నడక వేగంతో నాలుగైదుసార్లు ఆపి చూడండి. వారం తిరిగాక ఆ జాయింట్లకే మళ్లీ కాగితం అద్దండి.